గురువారం మేకులు

మా ఆయనకు పెళ్ళాం మాట తప్ప ప్రపంచంలోని చప్పుళ్ళన్నీ వినపడతాయి. నాలుగిళ్ళ అవతల ఎవరో సైకిలు తొక్కుకుంటూ పోతుంటే, "ఆ గొలుసుకి నూనె కావాలి" అంటారు. వంటింట్లో నూనె నిండుకుందని నేను మూడుసార్లు మొత్తుకుంటే మాత్రం, "ఎవరి సైకిలుకి?" అని అడుగుతారు. ఇలాంటి మనిషితో పంతొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చానంటే నాకు ఓర్పు ఎక్కువని అనుకోకండి. ఈ ఇంట్లో నాకొక ఉద్యోగం ఉంది. దాన్ని వదులుకోలేకే ఉన్నాను.

ఆయన గిటార్లు బాగుచేస్తారు. మా ముందుగదే దుకాణం. పని పూర్తయ్యాక, "ఓసారి ఇటు రా" అని కేకేస్తారు. నేను చేతిలో గరిటెతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడతాను. ఆయన తీగల మీద రెండుసార్లు చెయ్యి జారిస్తారు. "జలుబు చేసిన గొంతులా ఉంది" అంటాను. మళ్ళీ విప్పుతారు. "ఇప్పుడు బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంది" అంటాను. మళ్ళీ విప్పుతారు. నేను "ఊఁ" అన్నాకే గిటారు గడప దాటుతుంది. నా బి.ఏ. డిగ్రీకి దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. సెలవులు లేకపోయినా, నా మాటకు పైమాట మాత్రం లేదు.

ఉండేది కాదు, అనాలి.

గిటారు పొట్ట మీద, తీగలు వచ్చి ఆగేచోట ఒక చెక్కపట్టీ ఉంటుంది. అందులో ఆరు చిల్లులు. తీగ చివర ఉండే చిన్న గుండును చిల్లులోకి దింపి, అది పైకి రాకుండా ఒక మేకు బిగిస్తారు. వేలి కణుపంత ఉండదు ఆ మేకు. అయినా అది దేనితో చేసిందన్న దాన్నిబట్టి గిటారు గొంతు కొంత మారుతుంది. ప్లాస్టిక్ మేకు పెడితే స్వరం కాస్త మెత్తబడుతుంది. ఎముక మేకుతో ప్రతి తీగా విడివిడిగా, తేటగా పలుకుతుంది. ఇత్తడిదైతే ఖణేల్మంటుంది, ఓ పట్టాన ఆగదు, మా ఆడపడుచులాగ. నల్లచేవ కర్రతో చేసిన మేకు పెడితే శబ్దం వెచ్చగా, దుప్పటి కప్పుకుని కబుర్లు చెప్పినట్టుగా ఉంటుంది. పెద్ద తేడా ఏమీ కాదు. వినేవాళ్ళకే వినపడుతుంది.

ఈ మేకులన్నీ మా అత్తగారి పాత మాత్రల డబ్బాలో ఉంటాయి. వారానికి ఏడు అరలు, మూతల మీద వారాల పేర్లు. సోమవారంలో ప్లాస్టిక్, మంగళవారంలో ఎముక, బుధవారంలో ఇత్తడి, గురువారంలో నల్లకర్ర. విరిగినవన్నీ శనివారంలో. అందుకని మా ఇద్దరి మధ్యా మేకులకు వారాల పేర్లే స్థిరపడిపోయాయి. "మంగళవారం పెట్టి చూడనా?" "వద్దండీ, గురువారమే దీనికి నప్పుతుంది." బయటివాళ్ళు వింటే ముహూర్తాలు పెట్టుకుంటున్నామనుకుంటారు. మొగుడూ పెళ్ళాలకు సొంత భాషంటూ ఒకటి ఉంటే మాకున్నది అదే. పట్టుమని నాలుగు మాటల భాష.

ఇంతలో ఆవిడ వచ్చింది. మూడు వీధుల అవతల బడిలో పిల్లలకు పాటలు నేర్పే టీచరు. హాల్లో పిల్లలంతా గొంతెత్తితే తన గిటారు వినపడటం లేదని తెచ్చింది. మొదటిరోజు గుమ్మంలో నిలబడే మాట్లాడింది. రెండోసారి ముక్కాలిపీట మీద కూర్చుంది. మూడోసారి ఆయన ఒక మేకు మార్చి వాయించగానే, "అడుగు తీగ బాగుందండీ, పైరెండూ కొంచెం వెనక్కి తగ్గాయి" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్నారు. "ఆవిడకి చెవి ఉందే!"

"నాకు రెండున్నాయి" అన్నాను.

"అది కాదోయ్, పట్టేస్తుంది. మేకు మార్చిన సంగతి చెప్పకముందే పట్టేసింది."

"అయితే చెవులమ్మ అని పిలుద్దాం."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఏకు మేకై కూర్చోవడం అంటే ఇదే. అదీ మా మేకుల మీదే వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా నాకు వంటింట్లో పని తెగ పుట్టుకొచ్చేది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. ముందుగదిలో, "ఎలా ఉందంటారు?" అని ఆయన అడగటం వినపడేది. అది నన్ను అడగాల్సిన ప్రశ్న.

ఒక మంగళవారం సాయంత్రం ఆయన టీచరుతో ఫోనులో మాట్లాడుతున్నారు. ఒక చేత్తో తీగ బిగిస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, "మీకు గురువారమే బాగుంటుందండీ. బుధవారం మీకు మోత ఎక్కువైపోతుంది. ఆఁ, గురువారమే. ఖాయం" అన్నారు.

నా చేతిలో గిన్నె జారింది. గిన్నెకేం కాలేదు.

మా వారాలు ఆవిడకు చెప్పేశారు! ఆయన ఆవిడతో సినిమాకు వెళ్ళారంటే మా అమ్మకు ఫోను చేసి ఏడవొచ్చు. ఇదేమని చెప్పుకోను? "అమ్మా, ఆయన పరాయి ఆడదానికి వారాల పేర్లు చెప్పారే" అంటే అమ్మ నన్నే డాక్టరుకు చూపించుకోమంటుంది.

రెండు రోజులు ఉడికిపోయాను. మూడోనాడు పొద్దున ఆయన చెక్క నునుపు చేసే ఉప్పుకాగితం కొనడానికి బజారుకు వెళ్ళారు. టీచరు గిటారు బల్లమీద పడుకుని ఉంది, ఆరు గురువారం మేకులతో, నున్నగా, బుద్ధిగా. సోమవారం మేకులూ నలుపే, గురువారం మేకులూ నలుపే. వేళ్ళతో పట్టి చూస్తేగాని ఏది ప్లాస్టికో ఏది కర్రో తెలియదు. ఆవిడకు చెవి ఉందిగా, పట్టుకోనీ చూద్దాం అనుకున్నాను. పట్టుకోకపోతే ఆయన ముందే అడుగుతాను, "ఏవండీ, చెవి ఎక్కడ పెట్టి వచ్చిందట?" అని. ఆ మాట రెండుసార్లు అద్దం ముందు అని కూడా చూసుకున్నాను.

పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న పనే. తీగ వదులు చేయడం, పటకారు గుడ్డలో చుట్టి మేకు లాగడం, కొత్తది నొక్కడం, మళ్ళీ శ్రుతి చేయడం. అరగంటలో ఆరూ మార్చేశాను. నల్లకర్ర మేకుల్ని గురువారం అరలోకి వేసి మూత వేశానో లేదో, తలుపు చప్పుడైంది.

టీచరు.

"మీవారు లేరాండీ? గురువారం రమ్మన్నారు."

నేను తెల్లబోయి చూశాను. "గురువారమా?"

"ఇవాళ గురువారమే కదండీ! ఎప్పుడు రమ్మంటారని ఫోను చేస్తే, గురువారమే బాగుంటుంది, బుధవారం మీకు మోత ఎక్కువ అన్నారు. బుధవారాలు నాకు వరసగా అయిదు క్లాసులు, చెవులు చిల్లులు పడతాయి. ఈ సంగతి ఈయనకెవరు చెప్పారా అని ఆశ్చర్యపోయాననుకోండి!"

మా ఇంట్లో గురువారమంటే నల్లకర్ర. ఆ పేరుతో ఒక రోజు కూడా ఉంటుందన్న సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. ఆవిడ అడిగింది ఏ రోజని, ఆయన చెప్పింది ఏ మేకని. ఆవిడకు మా వారాల సంగతి తెలియనే తెలియదు. నా గుండె మీంచి బండ దిగింది. దిగి, సరిగ్గా కాలిమీద పడింది. ఎందుకంటే ఆవిడ అప్పటికే గిటారు ఒళ్ళోకి తీసుకుంది.

చెప్పేయొచ్చు.  కాని, సిగ్గు విడిచి రాస్తున్నాను, అప్పుడు కూడా నాకు చూడాలనే ఉంది.

రెండుసార్లు వాయించింది. ఆగింది. తల పక్కకు వంచి మళ్ళీ వాయించింది.

"ఏదో నీరసంగా ఉందండీ. ఈ అయిదో తీగైతే నసుగుతోంది కూడా. మీకూ అలాగే అనిపిస్తోందా?"

అనిపిస్తోంది. నాకు స్పష్టంగా వినపడుతోంది. "నన్నడుగుతారేంటండీ, చెవి ఉన్నది మీకు" అన్నాను.

"భలేవారే! నేను బాగుందన్నా మీవారు ఒప్పుకోరు. 'ఇంట్లో ఆవిడ ఊఁ అనాలండీ, ఈమధ్య పిలిస్తే రావడం లేదు, పని ఎక్కువైనట్టుంది' అంటారు. అందుకేగా నా గిటారు ఇన్ని రోజులు పట్టింది."

అదే సమయానికి ఆయన ఉప్పుకాగితం చుట్టతో లోపలికి వచ్చారు. అదే సమయానికి అయిదో తీగ మేకు టప్‌మని ఎగిరి, గోడకు తగిలి, ఆయన చెప్పుల దగ్గర పడింది. తీగ గుండు చిల్లులో పక్కకు ఒదిగి కూర్చోవాలి. నేను దాన్ని మేకు మొనకిందే ఉంచి నొక్కేసినట్టున్నాను. చూసి నేర్చిన పనికీ, చేసి నేర్చిన పనికీ ఆ మాత్రం తేడా ఉంటుంది మరి.

ఆయన వంగి మేకు తీసుకున్నారు. బొటనవేలితో రుద్దారు. కళ్ళజోడు పైకి తోసి చూశారు. మొహం పాలిపోయింది.

"సోమవారం!" అన్నారు.

"గురువారం కదండీ ఇవాళ" అంది టీచరు.

ఆయనకు ఆ మాట వినపడలేదు. "క్షమించండమ్మా. నేను కర్రవి పెట్టాననే అనుకున్నాను. నిన్న నా చేత్తోనే బిగించాను కదా... ప్లాస్టిక్‌వి పెట్టాను, అదీ సరిగా కూర్చోబెట్టలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా..." అంటూ వేళ్ళకేసి చూసుకున్నారు. అవి వేరెవరి వేళ్ళో అయినట్టు చూసుకున్నారు. "కళ్ళు తగ్గాయో, చెయ్యే తగ్గిందో. మీరు ఇంకెవరికైనా చూపించండి. నన్ను నమ్ముకుని ఇన్నిసార్లు తిరిగారు."

"అయ్యో, దానికేముందండీ" అని టీచరు గిటారు బల్లమీద పెట్టింది. ఆయన తలెత్తలేదు. మేకును అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ నిలబడ్డారు.

ఊరుకుంటే సరిపోయేది. ఆయన మార్చి పెట్టేవారు, ఆవిడ తీసుకుని వెళ్ళిపోయేది, ఈ సంగతి నాతోపాటే పోయేది. కాని ఆయన ఆ చేతిని అలా చూసుకోవడం నేను చూడలేకపోయాను.

"ఆయన గురువారమే పెట్టారు" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"పొద్దున ఆయన బజారుకెళ్ళాక నేను తీసేసి సోమవారం పెట్టాను. ఆరూ. కావాలనే పెట్టాను. మీకు చెవి ఉందన్నారు కదా టీచర్‌గారూ, ఆ మాట నాకు కడుపుమంటైంది. మీకు వినపడకూడదని పెట్టాను. వినపడింది." ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "ఏవండీ, మీ చేతికేం కాలేదు. తప్పు నాది."