పల్చటి తెలుపు

తెలుపు ఆరుతోంది.

తడి తెలుపు, ఎండలో. కళ్లు చికిలిస్తే తప్ప చూడలేని తెలుపు. గాలి నిండా రంగులో కలిపే థిన్నర్ వాసన. ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద, పాత పీటల మీద, నాలుగు కారు చక్రాలు. ఆయన వాటి చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క పురుగు వాలినా ఊరుకునేది లేదన్నట్టు.

బీరువాల కార్ఖానాలో రంగులు కొట్టిన చెయ్యి అది. చుక్క జారదు. గీత పడదు. సొట్ట పడిన తలుపు ఆయన దగ్గరికొస్తే అద్దంలా తిరిగి వెళ్లేది. దళసరిగా కొట్టడం — లోపం కప్పెయ్యడం — అదే ఆయన పనితనం. "సొట్ట ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అని తోటివాళ్లతో పందెం కాసేవాడు. ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఈ చక్రాలు ఆయన భార్యవి.

జుట్టు నెరిసేదాకా ఆమె అంబులెన్సు నడిపింది. పనిలో అందరూ సైరనమ్మ అనేవారు. ఇంట్లో ఆయనా అనేవాడు... ఆమె చెవిన పడదని రూఢి చేసుకున్నాక. ఇన్నాళ్లూ వెనక ఎవరో ఒకరు మూలుగుతుంటేనే నడిపింది. గుంత వస్తే ఆమె గుండె ఆగేది. మలుపు వస్తే ఊపిరి బిగపట్టేది. రిటైరయ్యాక ఒక్కటే కోరుకుంది. వెనక ఎవరూ లేకుండా నడపాలి. ఎంత వేగం పోతే అంత వేగం.

రేసు ట్రాక్ మీద.

చిన్న కారు, పాత కారు కొనుక్కుంది. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"చక్రాలకి రంగు నేనేస్తా. నల్లగా నిగనిగలాడాలి. చూసినవాడు చూపు తిప్పుకోకూడదు."

"తెలుపు వెయ్యండి," అంది ఆమె.

"తెలుపా! ఒక్క రౌండు తిరిగేసరికి బ్రేకుల మసి పట్టి బొగ్గుల బస్తా అవుతుంది."

"అవనీండి. పల్చగా వెయ్యండి. చక్రం ఎక్కడైనా చిట్లితే కంటికి కనపడాలి. నలుపు మీద ఏం కనపడుతుంది, నా మొహం!"

పల్చగా.

ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది.

అయినా చేశాడు. పాత పూతని గరుకు కాగితంతో రుద్దాడు, మెరుపు చచ్చేదాకా. గుడ్డతో తుడిచాడు. టైర్లకి రంగు అంటకుండా చుట్టూ పేకముక్కలు దోపాడు — రాజులూ రాణులూ అందరూ తెల్లబోయారు. బోల్టులు కూర్చునే చోట మాత్రం చుక్క పడనివ్వలేదు. అక్కడ పూత ఉంటే బోల్టు వదులవుతుంది. ఒక పూత, మంచులా. మరో పూత, ఆవిరిలా. ఇంకోదానికి చెయ్యి లేచింది...

దించేశాడు.

ఆ దించడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు.

ట్రాక్ దగ్గర గాలి నిండా కాలిన రబ్బరు వాసన. ఆయన ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెళ్లింది. వచ్చింది. మళ్లీ వెళ్లింది. తిరిగే చక్రాల్లో కమ్మీల్లాంటి ఆకులు కనపడవు, తెల్లటి సుడులే కనపడతాయి. పక్క గుడారం మెకానిక్ తల ఎత్తి చూశాడు.

"ఎవరండీ ఆవిడ? మలుపులు భలే కోస్తున్నారే!"

"మా ఆవిడ."

అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే చెప్పాడు.

ఒక మలుపులో కారు ట్రాక్ అంచున ఉన్న గట్టు ఎక్కి దడేలున దిగింది. ఆమె ఆగలేదు. ఆ విడత రౌండ్లు ముగిశాకే వచ్చి ఆపింది. హెల్మెట్ తియ్యలేదు.

"ఇంకో విడత ఉంది. ఇందాక తడబడ్డా. ఈసారి చూడండి!"

ఆయన వంగి మసి తుడుస్తున్నాడు. ముందు ఎడమ చక్రం. ఆకు మొదట్లో... ఒక గీత.

వెంట్రుకంత.

గుడ్డ పోగు అనుకున్నాడు. గోటితో గీకాడు. రాలేదు. అయితే రంగు చిట్లిందా? తన రంగు? ఇంతమంది ముందు? ఇన్నేళ్లలో ఒక్క పూతా చిట్లలేదు ఆ చేతి కింద. కాస్త మసి రుద్దితే చాలు, ఎవరికీ కనపడదు. బొటనవేలు మసి మీదికి వెళ్లింది కూడా...

వెనక్కి తీసుకున్నాడు.

జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాడు. తన రంగుని తానే గీరాడు. తెలుపు రాలింది. లోహం బయటపడింది. గీత లోహంలోనూ ఉంది.

"దిగవే."

"ఏమైంది?"

"దిగు. చక్రం చిట్లింది."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చూసింది. వేలితో తడిమింది. హెల్మెట్ తీసి లేచింది. పక్క గుడారాల వైపు చెయ్యి ఊపింది.

"ఇలా రండి అందరూ. చూడండి. ఇది మా ఆయన వేసిన రంగు. నల్లగా ఉంటే ఇంకో విడతలో నేను..."



వచ్చారు. వంగి చూశారు. మెకానిక్ ఆ గీతని చూసి, రంగుని చూసి, ఆయన చేతుల్ని చూశాడు. "ఇంత పల్చగా ఎలా కొట్టారండీ!"

ఆయన మసి గుడ్డని మళ్లీ మళ్లీ మడిచాడు. మెరుపుని మెచ్చుకున్నవాళ్లు ఎందరో. లోపల ఉన్నది కనపడనిచ్చినందుకు మెచ్చుకోవడం ఇదే మొదలు. ఛాతీలో ఏదో నిండింది.

మెకానిక్ దగ్గర అదే రకం కారు ఉంది. దానికి అదనంగా ఉన్న చక్రం తెచ్చి ఇచ్చాడు. నల్లది.

ఆమె భర్త వైపు చూసింది. "వెళ్లనా?"

ఆయన ఆ చక్రాన్ని కడిగాడు. తుడిచాడు. ఆకు ఆకుకీ వేలు పెట్టి తడిమాడు. పానాతో కొట్టి చెవి ఒగ్గాడు. గంటలా మోగింది; చిట్లిన లోహమైతే అలా మోగదు. మళ్లీ కొట్టాడు. నలుపు మీద చూపు ఆనలేదు... చెవినే నమ్మాలి.

"వెళ్లు," అన్నాడు. "ఆ గట్టు మాత్రం ఎక్కకు."

మూడు తెలుపులు, ఒక నలుపు.

చిట్లిన చక్రాన్ని ఆయన గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. చొక్కా నిండా మసి. కారు దూరపు మలుపు దాటింది. ఇక చప్పుడు ఒక్కటే. చప్పుడు సన్నబడింది... ఇంకా సన్నబడింది...

ఆయన మునివేళ్ల మీద లేచాడు.

ఎండలో, మలుపు అవతల, తెల్లగా ఏదో సుడి తిరుగుతూ, ఇటే —