కుంకుమ వల్ల కాదు

మా ల్యాప్‌టాప్ చచ్చింది మా అత్త పెట్టిన కుంకుమ వల్లేనని కంపెనీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు. ఆ ఫోన్ నేను ఎత్తి ఉంటే సంగతి అప్పుడే తేల్చేదాన్ని. ఎత్తింది మా ఆయన శ్రీనివాసప్ప. యలహంకలో లేత్ వర్క్‌షాప్ నడుపుతాడు. ఇంట్లో ఆడవాళ్ల మాట ఆయన చెవికి ఎక్కదు గానీ, టై కట్టినవాడు ఏది చెప్పినా వేదం. ఫోన్ పెట్టేసి నడింట్లో నిలబడి, "అమ్మా, నీ కుంకుమే దాన్ని చంపిందంట. ఫ్యాన్ లోపలంతా ఎర్రపొడి ఉండాదంట" అన్నాడు.

మా అత్త అక్కయమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఆ ల్యాప్‌టాప్ రెండువేల ఆరు ఆషాఢంలో డిస్కౌంట్ పెట్టారని కొన్నది. పెళ్లిపత్రికలు డిజైన్ చేసి ప్రెస్సులకు ఇస్తాను నేను. ఆషాఢంలో కొన్న వస్తువు ఆషాఢంలో విప్పకూడదని అత్త అంది. నాకూ మనసు ఒప్పలేదు, అబద్ధమెందుకు. శ్రావణంలో విప్పుదామంటే దాయాదుల్లో ఒకాయన పోయి మైల వచ్చింది. ఆ వెనకే పితృపక్షం. చివరికి ఆయుధపూజ నాడు లేత్ మిషన్‌కూ స్కూటర్‌కూ గ్రైండర్‌కూ పెట్టినట్టే దాని మూత మీద కూడా అత్త ఇంత బొట్టు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టించి, "ఇంక నడిపించు తల్లీ" అంది. అన్ని నెలలూ దేవుడి గూటి పక్కన పెట్టెలో కూర్చున్న దానికి వారంటీ మాత్రం బిల్లు తేదీ నుంచే కరిగిపోయింది. మళ్లీ ఆషాఢంలో ఏడాది నిండి వారంటీ తీరిందో లేదో, తెర నల్లబడి ఊరుకుంది. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి వస్తే, వారానికి ఆ ఫోన్ వచ్చింది.

వారంటీ పోయిందంటే పోనీ అనుకునేదాన్నే. కానీ ఆ ఫోన్ తర్వాత అత్త కుంకుమ భరిణె ముట్టుకోవడం మానేసింది. ఆ వారమే షాపుకు కొత్త డ్రిల్లింగ్ మిషన్ దిగింది. ఆమె బొట్టు పెట్టకుండా మా ఇంట్లో ఏ మిషనూ తిరిగింది లేదు. మా ఆయన సిగ్గు లేకుండా వచ్చి, "అమ్మా, రా, బొట్టు పెడుదువు" అని పిలిచాడు.

"నేను రానప్పా. నా చెయ్యి మంచిది కాదు. అది కూడా చెడిపోతే ఎవురు దిక్కు?" అంది అత్త.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే బస్సెక్కి సర్వీస్ సెంటర్‌కు పోయాను.

టోకెన్ తీసుకుని కూర్చుంటే పక్క కుర్చీలో ఒక కుర్రాడు, శామ్యూల్ అట, ఒంగోలు వైపు, హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒడిలో ఉన్నది అచ్చం మాదానిలాంటి ల్యాప్‌టాప్.

"సడన్‌గా స్క్రీన్ బ్లాక్ అయిపోయిందండీ" అన్నాడు.

"మీరూ కుంకుమ పెట్టారా?"

అతను నవ్వేశాడు. "మేం చర్చికి వెళ్తామండీ. నాకు హూడి దుమ్మని చెప్పారు. రోడ్డు తవ్వుతున్నారు కదా, ఆ దుమ్మంతా లోపలికి పోయిందంట."

ముందు వరసలో ఉన్న పెద్దమనిషి మా మాట విని వెనక్కి తిరిగాడు. అత్తిబెలెలో చిన్న ఫ్యాక్టరీ ఆయనకు. ఆయనదీ అదే మోడల్, అదే నల్ల తెర. ఆయనకు మాత్రం ఫ్యాక్టరీ కరెంటు సరిగా లేదని చెప్పారట.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీళ్ల వరస. తమ సరుకు ఓటిదని ఒప్పుకోలేక, వచ్చినవాడి ఇంట్లో ఏది కనిపిస్తే దాని నెత్తిన రుద్దుతున్నారు. నా వంతుకు మా ముసలామె దొరికింది. నా టోకెన్ పిలిచే దాకా కూడా ఆగలేదు, నేరుగా కౌంటర్ దగ్గరికి పోయాను. మేనేజర్ చంద్రశేఖర్ వచ్చాడు. అంతదాకా కౌంటర్‌వాళ్లతో నేనూ ఈ ఊరి కన్నడంలోనే మాట్లాడాను గానీ, కోపమొస్తే నాకు తెలుగే వస్తుంది.

"ముగ్గురిదీ ఒకే మోడల్, ఒకే జబ్బు. ఒకరికి కుంకుమ, ఒకరికి దుమ్ము, ఒకరికి కరెంటు. నాలుగోవాడొస్తే ఏం చెప్తారు? దిష్టి తగిలిందంటారా?"

"మేడమ్, మెల్లగా మాట్లాడండి" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. వాడూ మనవాడే.

అప్పుడు చూశాను, కౌంటర్ మీద వాళ్ల కంప్యూటర్‌ను. నుదుట మూడు విభూతి గీతలు, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు, పైన శుక్రవారం పెట్టిన బంతిపువ్వు. లోపల దాని ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది.

"ఇది ఎట్లా బతికుంది మరి?" అని కేకేశాను. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి చూశారు. శామ్యూల్ పగలబడి నవ్వాడు.

చంద్రశేఖర్ నన్ను గబగబా లోపలి గదిలోకి తీసుకుపోయి, కాఫీ తెప్పించి, గొంతు తగ్గించాడు. వారంటీ లేకపోయినా నా కోసం ప్రత్యేకంగా కొత్త బోర్డు ఉచితంగా వేస్తామన్నాడు. ఒక్క సంతకం చాలన్నాడు. కాగితం చదివాను. కస్టమర్ పొరపాటు వల్ల పాడైనదాన్ని కంపెనీ దయతో బాగుచేసిందని రాసి ఉంది.

"ఈ పొరపాటు అన్న ముక్క కొట్టేయండి."

"కుదరదు మేడమ్. హెడ్డాఫీసు నుంచి వచ్చినట్టే ఉండాలి."

"సరే, కాగితం ఎట్లన్నా చావనీ. మా అత్తకు ఫోన్ చెయ్యండి. కుంకుమ వల్ల కాదని ఒక్క మాట చెప్పండి. ఇక్కడే సంతకం పెడతాను."

ఎదురుగానే ఫోన్ ఉంది. అతను దాని వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "అట్లా చెప్తే, బయట కూర్చున్న వాళ్లందరికీ చెప్పాల్సి వస్తుంది కదా మేడమ్" అన్నాడు.

బోర్డు ఇస్తాడట, మాట ఇవ్వడట. ఇంట్లో శ్రావణం ముహూర్తాల పత్రికలు కుప్పపడి ఉన్నాయి. ఆ బోర్డు నాకు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా సంతకం పెడితే, నా చేత్తోనే మా అత్త నెత్తిన ఆ నింద రాసినట్టు. కాఫీ ముట్టలేదు. చచ్చిన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేశాను. దారంతా తిట్టుకుంటూనే ఉన్నాను. బస్సులో పక్కావిడ లేచి వేరే సీట్లో కూర్చుంది.

ఇంటికొచ్చి అత్తను కూర్చోబెట్టి అంతా చెప్పాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "ఫ్రీగా చేస్తామంటే వద్దని వస్తివా?" అని నోరు తెరిచాడు గానీ, నా మొహం చూసి మూసుకున్నాడు.

అత్త నాకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. తర్వాత అడిగింది. "ఆ హూడి పిలగాడు కుంకుమ పెట్టనేలేదంటివే. అయినా వానిది చచ్చిందా?"

"చచ్చింది అత్తా."

"వాళ్ల దానికి ఇంత బొట్టు ఉండాదంటివి. అది బాగుందా?"

"గిర్రున తిరుగుతా ఉంది."

అత్త లేచింది. దేవుడి గూట్లోంచి భరిణె తీసి, మూత తిప్పి చూసి, కొడుకు వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత గట్టిగా నేను వినలేదు.

"పొద్దున్నే నీ మిషన్‌కు పెడతా. ఆడనుంచి నేనూ ఈ పిల్లా పోతాం. వాళ్ల కంప్యూటర్‌కు నా చేత్తో బొట్టు పెడతా. అందరి ముందరా పెడతా. చస్తాదో బతుకుతాదో, నిలబడి చూసేవస్తా."

తెల్లారి నేను లేచేసరికి ఆమె తలదువ్వుకుని, చెప్పులేసుకుని, గడప దగ్గర కూర్చుని ఉంది. ఒడిలో భరిణె నిండుగా ఉంది.