పునీతుడి పక్కన నా చెప్పులు

మా ఆయన కుట్టిన చెప్పులు పరాయి దేశపు చర్చి గుళ్లో పునీతుడి బొమ్మ పక్కన కూర్చున్నాయంటే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా కూతురి కూతురు అక్కడ చదువుకుంటోంది. పాత కట్టడాలు కూలిపోకుండా ఎలా బాగుచేయాలో నేర్పే చదువట. నన్ను రెండు నెలలు ఉండమని పిలిపించుకుంది. "అమ్మమ్మా, ఇక్కడి పుణ్యక్షేత్రాలన్నీ నీకు చూపిస్తా" అంటే పొంగిపోయాను. తీరా చూస్తే, కాలేజీవాళ్లు దాన్ని మూడు పాత గుళ్ల కొలతలు తీసుకురమ్మన్నారు. నా పుణ్యాన్నీ దాని పనినీ ఒకే బస్సులో ఎక్కించింది! ఆ తెలివి వాళ్ల తాతది.

వాళ్ల తాత చెప్పులు కుట్టేవాడు. ప్రతి ఆదివారం నాతో గుడిదాకా వచ్చేవాడు గానీ గడప దాటేవాడు కాదు. "అందరూ లోపలికి పోతే బయట చెప్పులకు దిక్కెవరే?" అని మెట్టు మీద చతికిలబడేవాడు. ఊరికే కూర్చునే మనిషా? ఫాదరుగారి ప్రసంగం ముగిసేలోపు తెగిన చెప్పులన్నీ ఏరి కుట్టేసేవాడు. ఫాదరుగారు ఆయనకు గడప భక్తుడని పేరు పెట్టారు. పోయే ముందు ఏడాది నాకొక జత కుట్టి ఇచ్చాడు. నా కుడికాలి బొటనవేలి పక్కన ఎముక ఉసిరికాయంత పొడుచుకొచ్చి ఉంటుంది. బజారు చెప్పు ఏదీ పట్టదు. ఆయన సరిగ్గా అక్కడ తోలును ఉబ్బెత్తుగా వదిలాడు. ఆయన చేతి పనిలో నాకు మిగిలింది ఆ జత ఒక్కటే.

మొదటి గుళ్లోనే మాకు పేచీ వచ్చింది. నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే అది నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడెవరూ విప్పరు అమ్మమ్మా."

"దేవుడి ముందుకు చెప్పులతోనా? వీళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు లేరా?"

"నేల ఐసులా ఉంది. నీకు జలుబు చేస్తే మీ అమ్మాయి నా తాట తీస్తుంది."

మా అమ్మాయి సంగతి నాకూ తెలుసు కాబట్టి తగ్గాను. రెండో గుళ్లోనూ దాని మాటే నెగ్గింది. మూడోది గుట్ట మీద ఉంది, కాళ్లు బాగుచేసే పునీతుడి గుడి. మోకాళ్ల మీద ఎక్కినవాళ్ల వల్ల రాతిమెట్లు రోళ్లలా గుంటలు పడ్డాయి. పైకి చేరగానే నా మనవరాలు టేపు తీసి గోడకు బల్లిలా అతుక్కుపోయింది. ఇదే సందు అనుకుని గుమ్మం పక్కన చెప్పులు విప్పి, జతగా పెట్టి లోపలికి నడిచాను.

కళ్లు మూసుకున్నానంటే నా ప్రార్థన కొంచెం పొడుగు. మా వంశంలో ఒక్కరినీ వదలను, గిట్టనివాళ్లను కూడా చివర్లో కలుపుతాను. అంతా అయ్యి బయటికొస్తే చెప్పులు లేవు.

గుమ్మానికి అటూ ఇటూ వెతికాను. పొద వెనక చూశాను. మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

"విప్పావా? విప్పొద్దని లక్షసార్లు చెప్పానా లేదా?"

"తిట్లు తర్వాత తిడుదువుగాని. ముందు మీ తాతను వెతుకు."

నా మాట విని, రాతి మీద ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతున్న నా అవతారం చూసి దానికి నవ్వాగలేదు. "కాలుగాలిన పిల్లి గురించి విన్నాను గానీ, కాలు గడ్డకట్టిన పిల్లిని ఇప్పుడే చూస్తున్నా!" అంది.

అప్పుడొచ్చాడు తాళాలాయన. ఆ గుడికి కాపలా, నడుముకు పెద్ద తాళాల గుత్తి. నా వట్టి పాదాలు చూసి, రెండు చేతులూ జోడించి, కళ్లనీళ్లతో ఏదో అన్నాడు. మనవరాలు నోరు తెరిచేసింది.

"ఏమంటాడే?"

"నీ కాళ్లు బాగైనందుకు సంతోషమట."

లోపలికి తీసుకెళ్లి చూపించాడు. పునీతుడి బొమ్మ పక్క గోడనిండా చంకకర్రలు, చేతికర్రలు, ఇనుప పట్టీల బూట్లు. కాళ్లు బాగైనవాళ్లు ఇక అక్కర్లేనివి అక్కడ వదిలిపెట్టి పోతారట. వాటి నడుమ, కొవ్వొత్తి వెలుగులో, నా చెప్పులు! గుమ్మం దగ్గర ఆ ఉబ్బెత్తు చూసి, ఎవరో కాలు బాగై వదిలేశారనుకుని ఆయనే తెచ్చి పెట్టాడట. ఎవరో ముసలావిడ కర్ర ఆనించి నిలబడి, ఆ ఉబ్బెత్తు మీద వేలు పెట్టి కళ్లకద్దుకుంటోంది.

"ఈయన పన్నెండేళ్లుగా ఇక్కడ ఉన్నాడట. తన హయాంలో ఇదే మొదటి అద్భుతమట." మనవరాలు నా చెవిలో గొణిగింది. "అమ్మమ్మా, నువ్వు సగం పునీతురాలివి అయిపోయావ్. చెప్పేదా, వద్దా?"

బతికినన్నాళ్లూ గడప దాటని మనిషి, ఇవాళ లోపల, దీపం ముందు కూర్చున్నాడు. ఉండనీ అనిపించింది. తాళాలాయన ముఖంలో ఆ వెలుగు ఆర్పడం కూడా పాపమే అనిపించింది. కానీ ఆ ముసలావిడ ఇంకోసారి కళ్లకద్దుకుంది. పాపం, ఆమె మొక్కుతున్నది నా ఎముకకు!

"చెప్పేయ్. అబద్ధం మీద మీ తాతను కూర్చోబెట్టలేను. అయినా ఆయనకు లోపల ఊపిరాడదు."

అది చెబుతుంటే తాళాలాయన ముఖం పిండిన నిమ్మచెక్కలా అయింది. నమ్మలేక నా వంక చూశాడు. నేను చెప్పులు దించి, కుడికాలు పెట్టి చూపించాను. నా ఎముక ఆ ఉబ్బెత్తులో గూట్లో గువ్వలా ఒదిగింది. ముసలావిడ ముందు నవ్వింది. తర్వాత ఆయనా నవ్వాడు, కానీ నవ్వు చివర పెద్ద నిట్టూర్పు. తల దించుకుని వెళ్లబోయాడు.

అప్పుడు చూశాను. ఆయన ఎడమ బూటు అడుగు ఊడి, నడిస్తే కప్పలా నోరు తెరుస్తోంది.

"ఆగమను. విప్పమను."

"అమ్మమ్మా, బస్సు!"

"మూడు గుళ్లు కొలిచావు, ఇంకో బస్సు వెతకలేవా? దబ్బనం, గట్టిదారం ఏమన్నా ఉన్నాయేమో అడుగు."

గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చాడు. దారానికి కొవ్వొత్తి మైనం పట్టించాను. మా ఆయన పక్కన కూర్చుని నలభై ఏళ్లు దారం అందించినదాన్ని, ఆ మాత్రం రాదా? గుమ్మం గడప మీద బైఠాయించి కుట్టడం మొదలుపెట్టాను. తాళాలాయన ఒక పాదం బూటులో, ఒక పాదం చల్లటి రాతి మీద ఎత్తి దించుతూ నిలబడ్డాడు.

"ఇదిగో రెండో పిల్లి," అంది నా మనవరాలు. నేనేమీ అనకుండానే తన మెడలోని ఉన్ని శాలువా తీసి ఆయన కాలికింద పరిచింది.

ముసలావిడ ఆ బూటును, నన్ను మార్చిమార్చి చూసి, నా పక్కన కూర్చుని, తన చెప్పు కూడా విప్పి వరసలో పెట్టింది.

మనవరాలు టేపు పట్టుకుని నా ముందు నిలబడింది. "లే అమ్మమ్మా. గడప కొలత ఒక్కటే మిగిలింది."

"ఆగవే. గడపకు ఇప్పుడు పనుంది."