ఎవరూ నొక్కని గంట

"ఎవరూ పిలవందే లేచావేంటి?" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా.

ఆమె వెనకగది గుమ్మం దగ్గర ఆగిపోయింది. అత్తగారి గంట స్పష్టంగా వినపడింది. ఆరేళ్ళు మంచంలో ఉండి, రాత్రీ పగలూ ఆ గంట నొక్కిన మనిషి పోయి మూడు నెలలైంది. గంటను గోడ నుంచి పీకేసింది ఈమే.

"ఆ కంప్యూటర్లో డబ్బాలు గీసీ గీసీ బుర్ర పాడైంది నీకు. సాయంత్రం పరీక్షా లేదు, గిరీక్షా లేదు. ఇంట్లో ఉండు," అని చెయ్యి కడుక్కుని తొమ్మిదింటికి ఆఫీసుకు పోయాడు.

ఆ పరీక్ష ఆమె ఉద్యోగం కోసం, ఆసుపత్రి మంచాలకు పిలుపు గంటలు చేసే కంపెనీలో. ఆరింటికి గంట చేసి చూపించాలి. ఇది తప్పితే ఈ వయసులో మళ్ళీ ఎవరూ పిలవరు.

తెర మీద ఫ్లోచార్ట్ గీసింది. మీట నొక్కారా? అవునంటే మోగు. కాదంటే మళ్ళీ చూడు. ఆగమనే డబ్బా ఎక్కడా లేదు. తన ఆరేళ్ళూ ఇంతేననుకుంది. తెర మీదే నడిపి చూసే సిమ్యులేషన్‌లో ఒక్క తప్పూ రాలేదు. ప్రోగ్రామును చిప్‌లోకి ఎక్కించి, బోర్డుకు కరెంటిచ్చింది.

గంట దానంతటదే మోగింది. చెయ్యి దగ్గరికి తెస్తే గట్టిగా మోగింది. ఈ పని నేర్పే మేడమ్‌కు ఫోన్ చేసింది.

"చిప్‌కి మీట తగిలించే పిన్ను గాల్లో వదిలేశావా తల్లీ? తెర మీద సాగుతుంది గానీ బయట సాగదు. దేన్నీ పట్టుకోని పిన్ను, పక్కన గాలి కదిలినా ఎవరో నొక్కారనుకుంటుంది. రెసిస్టర్ పెట్టి గ్రౌండ్‌కి కట్టు."

కట్టింది. గంట నోరు మూసుకుంది.

అప్పుడు ముందుగదిలోంచి వినపడింది, "ఏమే, నీళ్ళు!"

భర్త గొంతు. మోకాళ్ళు అప్పటికే లేచాయి. గుమ్మంలో అతని చెప్పుల్లేవు. ఆమె కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. నాలుగుసార్లు పిలిచింది ఆ గొంతు. నాలుగోసారి అందులో అత్తగారి దగ్గు కలిసింది. ఆమె లేవలేదు. ఇల్లు నిశ్శబ్దమైంది.

అయిదున్నరకు భర్త వచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"ఏమే, నీళ్ళు!"

ఆమె బోర్డును సంచిలో పెట్టుకుంది.

"చెవుడొచ్చిందా? నిన్నే!"

అతని ముందునుంచే నడిచి, చెప్పులేసుకుని, ఎవరూ లేని ఇంటికి వేసినట్టే బయట తాళం వేసుకుని వెళ్ళిపోయింది.