ముప్పావు అంగుళం

కొత్త గిటారు ఇంటికొచ్చిన రోజు బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని చేసేటప్పుడు ఎవరో మధ్యలో తుమ్మినట్టున్నారు," అన్నాడు.

అన్నదాంట్లో అబద్ధం లేదు. మామూలు గిటారుకి నడుము రెండు వైపులా ఒకే చోట నొక్కుకుని ఉంటుంది. దీనికి పైనడుము ఒక చోట, కింది నడుము ఇంకో చోట. నేను పనిచేసే టైలరు షాపులో బట్ట జారి కుట్టు పడితే చొక్కా ఇలాగే ఓ పక్కకి పోతుంది. గోడకి ఆనిస్తే నిలబడదు. తొడ మీద పెట్టుకుంటే దాని మెడ పక్కవాళ్ళ మొహం మీదకి పోతుంది.

"మరదలికి తగినదే దొరికింది. పొట్టిది, పైగా మాట వినదు," అన్నాడు బావ.

"పొట్టి గురించి మాట్లాడేటప్పుడు నేనూ ఆ ఇంటి పిల్లనేనని గుర్తుంచుకోండి," అంది అక్క.

వెతికి కొన్నది అక్కే. నాలుగేళ్ళు నేను వాయించింది బావ స్నేహితుడి గిటారు. ఆయనకి బదిలీ అయి తీసుకెళ్ళిపోయాడు. దాని మెడ పొడుగు, నా వేళ్ళు చిన్నవి. సాగదీసి సాగదీసి చిటికెనవేలు సాయంత్రానికి లాగేసేది. ఇది పొట్టిది కాబట్టి హాయిగా ఉంటుందని అక్క అనుకుంది. నేనూ అనుకున్నాను.

మేం నలుగురం. బస్సు డిపోలో మెకానిక్కు అయిన బావ డ్రమ్స్ వాయిస్తాడు. అక్క పాడుతుంది. కీబోర్డు లెక్కల మాస్టారిది. ఆదివారం మధ్యాహ్నాలు డిపోలో పాత టైర్లు పెట్టే గదిలో సాధన. రెండు వారాల్లో చెప్పుల ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో పాడాలి. అందులో అక్క సొంతంగా కట్టుకున్న పాట ఒకటుంది. దాని మధ్యలో అర నిమిషం గిటారు ఒక్కటే ముందుంటుంది. మిగతా పాటంతా నేను చేతులు కట్టుకుని నిలబడతాను.

నాకు నలుగురిలో నోరు పెగలదు. షాపులో మెడ ఇంత, భుజం ఇంత అని రాసుకోవడమే గాని, మాట కలపను. ఆ అర నిమిషంలో మాత్రం అందరూ ఆగి నా మాటే వింటున్నట్టుంటుంది.

మొదటి ఆదివారం ఆ చోటు వచ్చింది. చెయ్యి మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్ల వెంట అలవాటుగా పైకి పరిగెత్తి పన్నెండో మెట్టు దగ్గర ఆగింది. పన్నెండోది అనుకున్నాను. వచ్చిన స్వరానికి అక్క చెవి మూసుకుంది. ఇంకోసారి వాయించాను. అంతే. చూస్తూ వాయిస్తే సరిగ్గానే వస్తోంది గాని, వేలు వెతుక్కుని వెళ్ళేసరికి పాట ముందుకి పోతోంది.

సంచిలోంచి టేపు తీసి కొలిచాను. మెడ మొదలు నుంచి పన్నెండో మెట్టుకి సరిగ్గా పన్నెండు అంగుళాలు. పాతదానికి పన్నెండూ ముప్పావు ఉండేదని నాకు తెలుసు. దానికి గుడ్డ తొడుగు కుట్టినప్పుడు కొలిచాను.

"ఇక్కడ మెట్టుకీ మెట్టుకీ మధ్య ముప్పావుకి కాస్త తక్కువ," అన్నారు మాస్టారు వంగి చూసి. "అంటే నీ చెయ్యి పాత కొలతకి పోయి సరిగ్గా ఒక మెట్టు పైన దిగుతోంది. తప్పే, కానీ క్రమబద్ధమైన తప్పు."

"తప్పులో కూడా మార్కులేస్తారా మాస్టారూ?" అన్నాడు బావ. తర్వాత నా వైపు చూడకుండా, "వచ్చే ఆదివారానికి కుదరకపోతే ఆ ముక్క కీబోర్డులో పెట్టేద్దాం," అన్నాడు.



తర్వాతి ఆదివారమూ చెయ్యి ఆ పైమెట్టు మీదే దిగింది. బావ కర్రలు కింద పెట్టాడు. అప్పుడు మాస్టారే అడ్డుపడ్డారు. "అమ్మాయి దిగిరాకపోతే మనమే ఒక మెట్టు ఎక్కుదాం. స్వరం జరపడానికి నా కీబోర్డుకో మీట ఉంది." నొక్కారు. పాట మొత్తం ఒక మెట్టు పైకి జరిగింది. నా తప్పు ఒప్పయిపోయింది.

"మీ మీటకేం, నొక్కితే ఎక్కుతుంది. నా గొంతుకి మీటేది?" అంది అక్క. అయినా పాడింది. పై స్వరం దగ్గర మడమలెత్తి మరీ పాడింది. నాకు సిగ్గేసింది. కానీ వద్దు అనలేదు. అంటే ఆ అర నిమిషం పోతుంది.

బావకి డిపోలో పని పడి, ఆ తర్వాత కలిసి వాయించడం కుదరలేదు. నేను ఇంట్లో వాయించుకున్నాను. స్పీకరుకి తగిలించకుండా, కళ్ళు మూసుకుని, రోజూ ముప్పై నలభై సార్లు. ఒక్కదాన్నే కాబట్టి పోల్చుకోవడానికి పక్కన ఇంకో వాద్యం లేదు. శుక్రవారానికి చెయ్యి ఎంత తేలిగ్గా దిగుతోందో చూసి మురిసిపోయాను. ఎక్కడ దిగుతోందో మాత్రం చూసుకోలేదు.

శనివారం ఫ్యాక్టరీ హాలు నిండిపోయింది. అక్క మడమలెత్తి పాడింది. నా చోటు వచ్చింది. కళ్ళు మూసుకుని పరిగెత్తాను.

చెయ్యి గిటారుకి అలవాటు పడిపోయింది. సరిగ్గా పన్నెండో మెట్టు మీదే దిగింది. మిగతావాళ్ళంతా పైమెట్టు మీద ఉన్నారు.

ఆ మోతకి ముందు వరసలో పసిపిల్ల ఒకతి లేచి ఏడుపందుకుంది. నేను గబుక్కున ఒక మెట్టు పైకి జరిగాను. అదే క్షణంలో మాస్టారు నన్ను కాపాడదామని మీట తీసేసి ఒక మెట్టు కిందికి దిగారు. మళ్ళీ కలవలేదు. నేను దిగాను. ఆయన ఎక్కారు. సన్నటి వాకిట్లో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తుల్లాగా, నేను ఎటు జరిగితే ఆయన రెండో వైపుకి జరిగారు.

"కొట్టుకుంటున్నారా, వాయిస్తున్నారా?" అన్నారెవరో.

బావ ఒక కర్ర ఎత్తాడు. అయిపోయింది, ముక్క మాస్టారికి ఇచ్చేస్తున్నాడు అనుకున్నాను. కర్ర మాస్టారి వైపే తిరిగింది.

"మాస్టారూ, చేతులు తియ్యండి."

"నేను సరిచేద్దామని..."

"తెలుసు. తియ్యండి." నా వైపు తిరిగాడు. "మరదలా, నీకు ఎక్కడ చెయ్యి కుదిరితే అక్కడే."

నాలుగు దెబ్బలు లెక్కపెట్టి, డ్రమ్ము ఒక్కటీ మెల్లగా నడిపాడు.

నేను చూడలేదు. చెయ్యి వెళ్ళి పన్నెండో మెట్టు మీద దిగింది. అక్క గొంతుకి నప్పే పాత చోటు అది. స్వరం తర్వాత స్వరం వాటంతటవే వచ్చాయి. పసిపిల్ల ఏడుపు ఆపిందో, ఎవరైనా బయటికి తీసుకెళ్ళారో నాకు తెలియదు. అర నిమిషం అయిపోయింది. అక్క అందుకోవాల్సిన చోటు వచ్చింది.

అక్క అందుకోలేదు. మైకు దించి, మడమలు కింద ఆనించి నిలబడి, ఇంకోసారి అన్నట్టు నా వైపు గడ్డం ఎత్తింది.

ఆ ముక్క మళ్ళీ మొదటినుంచి వాయించాను. మాస్టారు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని విన్నారు.