నేరేడు పూత దులిపినవాడు

ఏటా మార్చిలో నేరేడు చెట్లు పూతకొచ్చిన వారం నూరుద్దీన్ దోటి తీసేవాడు. వెదురు కొనకు కొక్కెం కట్టిన దోటి. పండ్లు కోయడానికి చేసుకున్నది. దానితోనే మొగ్గలు రాల్చి, పొద్దెక్కకముందే ఊడ్చేసేవాడు.

ఇదంతా ఒకనాడు తనన్న మాట వల్ల.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు లోపలగా ఉన్న ఇళ్ల ప్లాట్ల వెంచర్‌లో రెండెకరాలు అతని తండ్రివి. అమ్మేశాక నూరుద్దీన్ అక్కడే మాలీగా చేరాడు. ఆ పొలం గట్టు మీది నేరేడు చెట్టును రోడ్డు కోసం కొట్టేసిన ఏడు, దాని కింద రాలిన గింజలు ఏరి డబ్బాల్లో పెట్టాడు. వెంచర్ వాళ్లు లారీలో తెప్పించిన మొక్కలు తర్వాతి మే నెల ఎండకు మాడాయి. డబ్బాల్లోవి బతికాయి. గేటు దారి వెంట అవి నాటుతానన్నాడు.

"పండ్ల చెట్లు నడువయ్," అన్నాడు సూపర్‌వైజర్ పరశురాం. "కోతులొస్తయ్. రోడ్డంత మరకలైతయ్. కొనేటోళ్లు ఒప్పుకోరు."

"గిది కాయదు సార్. షో చెట్టు."

"నేరేడు కాయదా?"

"గీ రకం కాయదు. నా జిమ్మేదారి."

తొమ్మిది మొక్కలు నాటాడు. మొదటి ఆరేళ్లు చెట్లే అతని మాట నిలబెట్టాయి. ఏడో ఏడు పూత వచ్చింది. అప్పటి నుంచి ఆ పని అతనిదైంది.

భార్య అజ్మత్ బీకి షుగర్. దవాఖానలో ఎడమ కాలి వేళ్లు రెండు తీసేశారు. ఇల్లు దాటదు.

"పండ్ల చెట్టు పెంచి పూత దులిపెటోన్ని నిన్నే చూసిన," అనేది.

"బజార్ల తెస్తలే."

"బజారువి నాకెందుకు? పెండ్లై వచ్చినప్పుడు మీ అమ్మ గా గట్టు మీది పండ్లు కొంగు నిండ తెచ్చి పెట్టింది. గవి తినాలె. ఒక్క కొమ్మ ఇడిస్తే ఎవడు జూస్తడు?"

ఈ ఏడు విడిచాడు. చివరి చెట్టుకు గోడ వైపు కొమ్మ. దాని కింద ఖాళీ ప్లాటు.

ఏప్రిల్‌లో ఆ ప్లాటులో ఇంటిపని మొదలైంది. దాని ఓనరు ఉమారాణి బడంగ్‌పేట్ నుంచి వచ్చి పని చూసుకుని పోయేది. కాలనీ సంఘానికి కార్యదర్శి కూడా ఆమే. తెల్ల కారు ఆ నీడలోనే నిలిపేది. జూన్‌లో కాయలు నల్లబడ్డాయి.

"శుక్రవారం కోస్త," అని భార్యకు చెప్పాడు నూరుద్దీన్.

బుధవారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వాన వెలిసేసరికి తెల్ల కారు ఊదా రంగుకు తిరిగింది.

మర్నాడే రంపం మిషన్ వచ్చింది.

"కాయదన్నవ్ గద భాయ్?" అన్నాడు పరశురాం.



"మిగతా ఎనిమిదీ కాస్తాయా?" ఉమారాణి అడిగింది. "నిజం చెప్పు. కాసేవైతే అన్నీ ఇవాళే తీయించేస్తాను."

"కాయవమ్మా. గవి షో చెట్లు. గిదొక్కటే ఎట్లనో తేడా వచ్చింది."

చెట్టు పడింది. పండ్లు చూసి కాలనీ జనం కవర్లు పట్టుకుని వచ్చారు. షుగర్‌కు మంచిదన్నారు. గింజలు ఎండబెట్టి పొడి కొడితే ఇంకా మంచిదన్నారు. ఉమారాణి అత్తగారి కోసం టిఫిన్ డబ్బా నింపుకుంది.

"కాసే చెట్టునే కొట్టిపిస్తిమి గదా," అన్నారొకరు.

నూరుద్దీన్ వంగి పిడికెడు ఏరాడు.

"నూరుద్దీన్, ముందు కొమ్మలు లాగు. ట్రాక్టర్ ఆగి ఉంది," అంది ఉమారాణి.

చేతిలోవి మొద్దు మీద పెట్టి కొమ్మలు లాగాడు. ట్రాలీ నింపి వచ్చేసరికి మొద్దు మీద ఏమీ లేదు. చెప్పుల కింద నలిగినవి మిగిలాయి.

ఇంటికి వెళ్లేసరికి అజ్మత్ బీ గిన్నె కడిగి మంచం పక్కన పెట్టుకుని ఉంది.

"రేపే గద కోసేది?" అంది.

"కోతులు తిన్నయ్."

ఆమె అతని అంగీ చూసింది. భుజాల మీద రంపపు పొట్టు.

"చెట్టును గూడ తిన్నయా?"

ఆమె గిన్నెను మంచం కిందికి తోసింది.

నూరుద్దీన్ గోడకు ఆనించిన దోటిని తీశాడు. కొక్కెం వదులైంది. పాత తీగ విప్పి కొత్తది బిగించాడు. మార్చిలో ఎనిమిది చెట్లు పూతకొస్తాయి.