పదహారు వయొలిన్లు

అమీర్‌పేటలో గౌస్ మొహియుద్దీన్ ఇంటి మేడమీది గదిలో హరిణి అద్దెకు చేరి ఏడాదైంది. కాకినాడ నుంచి వచ్చిన ఆ అమ్మాయి ఒక కంప్యూటర్, ఒక కీబోర్డుతో నాటకాలకూ నృత్యరూపకాలకూ సంగీతం చేస్తుంది. ఎవరో ఎప్పుడో ఒక్కో స్వరం వాయించి రికార్డు చేసిన వయొలిన్లు, ఫ్లూట్లు ఆ కంప్యూటర్‌లో ఉంటాయి. ఏ మీట నొక్కితే ఆ స్వరం పలుకుతుంది.

ఈసారి పని పంజాగుట్టలో నాట్యం నేర్పే మధులతది. వరద మీద ఆమె చేస్తున్న రూపకానికి పదహారు వయొలిన్లున్న పెద్ద ఆర్కెస్ట్రా కావాలి. హరిణి మూడు వారాలు కూర్చుని చేసి పంపింది. మధులత విని ఫోన్ చేసింది.

"బాణీ చాలా బాగుందమ్మా. కానీ వాయించేవాళ్లు ఎవరూ లేనట్టుంది."

ఆ మాట నిజమని హరిణికీ తెలుసు. అందుకే మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకు చూడటానికి పైకొచ్చిన గౌస్, లోపల ఆ సంగీతం విని ఆమె గుమ్మం దగ్గర ఆగాడు. ముప్పై ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించిన మనిషి. వేళ్లు బిగుసుకుపోయాక మానేశాడు.

"మళ్ల ఒకసారి పెట్టు బేటా," అన్నాడు.

ఆమె పెట్టింది. గౌస్ ఎడమ భుజం మీద వయొలిన్ ఉన్నట్టు తల వాల్చి, కుడిచేత్తో లేని బోని, అదే వయొలిన్ తీగల మీద లాగే కమానుని, లాగడం మొదలుపెట్టాడు. చెయ్యి చివరిదాకా వెళ్లి ఆగిపోయింది. కంప్యూటర్‌లో స్వరం మాత్రం అదే జోరుతో సాగుతూనే ఉంది.

"చూసినవా, నా బో అయిపోయింది. గంత పొడుగు బో ఎక్కడ దొరుకుతది?"

హరిణికి నవ్వొచ్చింది. "మరి ఏం చేయాలంటారు అంకుల్?"

"మధ్యల బో ఎనక్కి తిప్పాలె. తిప్పేటప్పుడు సప్పుడు జర తగ్గి మళ్ల లేస్తది. ఇంకోటి, పదారు మంది ఒక్కసారే ఎట్ల మొదలుపెడ్తరు? మా ఆర్కెస్ట్రాల జుల్ఫికర్ అని ఉంటుండె. ఎప్పుడూ జర లేటు. ఆడు రాని రోజు పాట సప్పగ ఉంటుండె."

ఆ రోజు నుంచి గౌస్ ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన గాల్లో బో లాగుతుంటే, చెయ్యి తిరిగిన ప్రతిచోటా హరిణి స్వరాన్ని తగ్గించి పెంచింది. గుంపుగా ఉన్న వయొలిన్లను విడదీసి, ఒక్కోదాన్ని రవ్వంత ముందుకో వెనక్కో జరిపింది. అన్నిటికన్నా వెనకబడ్డ వయొలిన్‌కు జుల్ఫికర్ అని పేరు రాసింది. ఫ్లూటుకు కూడా, మనిషే వాయిస్తున్నట్టు, మధ్యమధ్య ఊపిరి పీల్చుకునే చోటిచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం పాటంతా మొదటినుంచి పెట్టి విన్నారు. పాట సగంలో ఉండగా గౌస్ భార్య బతూల్ మెట్లెక్కి వచ్చి తలుపు బయటే నిలబడింది.

"ఎంతమంది వచ్చిన్రు? చాయ్ ఎన్ని కప్పులు పెట్టాలె?"

గౌస్ నవ్వకుండా చెప్పాడు. "పదారు. ఫ్లూటాయన వేరే."

బతూల్ లోపలికి తొంగిచూసింది. ఇద్దరే ఉన్నారు. ఆమె కాసేపు కంప్యూటర్ తెర వంక చూసి, భర్త వంక చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ అక్కడే కూర్చుండిపోయింది. పాట అయ్యేదాకా లేవలేదు.

శనివారం మధులత హాల్లో ఇరవై మంది పిల్లలు ఆ సంగీతానికి మొదటిసారి ఆడారు. వరద పొంగే ఘట్టంలో మధులత తాళం వేయడం మానేసి తనే వాళ్ల మధ్యకు వెళ్లింది. అయిపోగానే, "మళ్లీ పెట్టు హరిణీ," అంది.

హరిణి మళ్లీ పెట్టి, గౌస్‌కు ఫోన్ కలిపింది.

"ఏమైంది బేటా? ఏమన్నది?"

"మీరే వినండి అంకుల్," అని ఫోన్ చెయ్యెత్తి పట్టుకుంది. హాలు నిండా గజ్జెలు మోగుతున్నాయి.